చచ్చిన దూడ గొంతు

మొలెఫే నాలుగు ఆవులు సింహాల పాలైన దగ్గర్నుంచి తొరోమో ఊళ్లో ఏ పొయ్యి దగ్గర కూర్చున్నా అదే ముచ్చట. చంపింది ఒంటిచెవి అనే ఆడసింహం, దాని ఎదిగిన పిల్లలు. అందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆవులు చచ్చిన చోటు గురించే. అవి చచ్చింది దొడ్డిలో కాదు, దొడ్డికీ ఉప్పుపర్రకీ మధ్య బయల్లో. ఎండలకు పగుళ్లిచ్చి, చుక్క నీరు లేకుండా పడి ఉన్న ఆ ఉప్పుపర్ర వైపు, పొద్దుగూకే వేళ, దొడ్డిలో ఉండాల్సిన ఆవులు ఎందుకు నడిచినట్టు? మొలెఫే దగ్గర జవాబు తయారుగా ఉంది. కాపరి కెబోన్యే ఆ సాయంత్రం తాగి పడిపోయాడు, మందను దొడ్డికి తోలనేలేదు, తెల్లారాక భయం పుట్టి కంచె తనే పీకి, ఆవులే తెంచుకుపోయాయని కథ అల్లాడు. ఊళ్లో సగం మంది ఆ జవాబుకే తలూపారు.

మొలెఫే మేనకోడలు బొనోలో దగ్గర ఇంకో జవాబు ఉంది. అది నాలుక చివరిదాకా వచ్చి, మళ్లీ వెనక్కి పోయి, ఆవులు చచ్చిననాటి నుంచీ ఆమెకు ముద్ద దిగనివ్వడం లేదు.

ఈ కథ వెంట మొదటినుంచీ నడుస్తున్నవాళ్లకు ఆ సాయంత్రం గుర్తుండే ఉంటుంది. మధ్యలో వచ్చి కలిసినవాళ్లకు నాలుగు మాటలు. డాక్టర్ బిర్గిత్ డెన్మార్క్ మనిషి, సింహాల మీద పరిశోధన ఆమె పని. కునేనే ఇసుకల్లో, లువాంగ్వా ఒడ్డున సింహాల మెడలకు పట్టీలు వేసుకుంటూ తిరిగి తిరిగి, ఈ చలికాలంలో బోతేతి ఏటికి చేరింది. ఊరివాళ్లు ఆమెకు మ్మాదితావు, అంటే సింహాల తల్లి అని పేరు పెట్టారు. అంతటితో ఊరుకోక ఆమె టోపీ మీద పాట కూడా కట్టారు. బొనోలో ఆమెకు నోరు, దారి, ఈమధ్య వంటిల్లు కూడా. సింహం మెడకు పట్టీ వేయాలంటే ముందు నిద్రమందు సూది కొట్టాలి. సూది కొట్టాలంటే అది దగ్గరికి రావాలి. రావాలంటే ఆపదలో ఉన్న దూడ అరుపు లౌడ్‌స్పీకర్లో మోగాలి. బిర్గిత్ వెంట తెచ్చుకున్న అడవిదున్న దూడ అరుపును బోతేతి సింహాలు చెవిన పెట్టలేదు. అప్పుడు బొనోలో మేనమామ దొడ్డికి వెళ్లి, తల్లినుంచి విడదీసినప్పుడు ఏడ్చే ఒక దూడ గొంతును తన ఫోన్లో పట్టి తెచ్చింది. మామను అడగలేదు. గొంతుకు కూడా అనుమతి కావాలా అనుకుంది.

ఆ గొంతు ఆ సాయంత్రం ఉప్పుపర్ర పక్కన మోగింది. ఒంటిచెవి వచ్చింది కాని సూది అందేంత దగ్గరికి రాలేదు. చీకటి పడగానే సామాను సర్దుకుని ఇద్దరూ వచ్చేశారు. తెల్లారేసరికి ఆవుల కబురు తెలిసింది.

సింహాలను మామ మంద దగ్గరికి పిలిచింది నేనే అని బొనోలో అప్పటినుంచీ కుమిలిపోతోంది. తన తప్పు అంతే అనుకుంది పాపం.

ఈ మధ్యాహ్నం ఖోట్లాలో, అంటే ఊరి పంచాయితీ జరిగే చోట, ఊరిపెద్ద ముందు సభ. కెబోన్యేది తప్పని తేలితే ఆయన మొలెఫే పశువుల మకాం వదిలి పోవాలి. ఆ మకాం ఆయనకు పని చేసే చోటు మాత్రమే కాదు. బొనోలో పుట్టకముందు నుంచీ ఆయన అక్కడే ఉన్నాడు. ఆయన భార్య సమాధి కూడా అక్కడే, దొడ్డి వెనక, చుట్టూ రాళ్లు పేర్చి, తల దగ్గర ఆవిడ నీలిరంగు పింగాణీ లోటా బోర్లించి ఉంది.

పొద్దున్నే జొన్నసంకటి, పులిసిన పాలు గిన్నెల్లో సర్దుకుని బొనోలో కాలినడకన అక్కడికి బయల్దేరింది. అంతా చెప్పేయాలనే వెళ్లింది. అది మాత్రం నిజం.

"కో కో" అంది, తలుపు తట్టే బదులు, ముళ్లకంప వాకిలి దగ్గర ఆగి.

"రా తల్లీ, రా" అన్నాడు కెబోన్యే. ముళ్లచెట్టు నీడలో పొట్టి కుర్చీ వేసుకుని పచ్చితోలు తాడు పేనుతున్నాడు. "జీపులో తిరిగే పిల్ల నడిచొచ్చిందేంటి? జీపును కూడా సింహం ఎత్తుకుపోయిందా?"

"ఎలా లేచారు పెద్దయ్యా?"

"లేచాను. లేవడం ఒక్కటీ ఇంకా మానలేదు. నువ్వెలా లేచావు?"

"లేచాను" అని గిన్నెలు కింద పెట్టి ఆయన పక్కన నేలమీద కూర్చుంది. ఆయన సంకటి వైపు చూసి, "మీ అమ్మ వండిందా, నువ్వు వండావా?" అన్నాడు.

"నేనే."

"అయితే సగం తింటా. మిగతా సగం ఖోట్లా అయ్యాక. మనిషికి ఏదో ఒక ఆశ ఉండాలి కదా."

ఆమెకు నవ్వు రాలేదు. పాలు పితకడం నేర్పింది ఈయనే. దూడ మీద ఎక్కించి పడిపోతే మోకాలికి బూడిద రాసిందీ ఈయనే. ఇంటికెళ్లి చెప్పొద్దని బతిమాలింది కూడా ఈయనే.

"ఆ తాడు ఎవరికి పెద్దయ్యా?"

"మీ మామకే. కొత్త కాపరి వస్తున్నాడటగా. వాడి చేతిలో చీకిపోయిన తాడు పెట్టి పోతే రోజూ నన్నే తిట్టుకుంటాడు. తిట్లు ఇప్పటికే సరిపడా ఉన్నాయి."

బొనోలో ఆయన మొహం చూడలేక లేచి దొడ్డి చుట్టూ నడిచింది. కంచె తెగిన చోటు దూరంనుంచే కనిపించింది. ముళ్లకొమ్మలు విరిగి బోర్లా పడి ఉన్నాయి, అన్నీ బయటి వైపుకే. లోపలి వైపు ముళ్లకు ఎర్రటి బొచ్చు కుచ్చులు కుచ్చులుగా చిక్కుకుని ఉంది. ఒకచోట నెత్తురు నల్లగా ఎండిపోయింది. సింహం బయటినుంచి దూకి చెదరగొట్టిన కంచె ఇలా ఉండదని సింహాల వెంట తిరిగే ఆమెకు తెలుసు.

"పెద్దయ్యా, కంప బయటికి పడింది."

"ఊఁ."

"లోపల్నుంచి తోస్తేనే కదా ఇలా పడేది?"

"మీ మామా చూశాడు. నేనే లోపల నిలబడి తోశానన్నాడు. నా ఒంటిమీద ఎర్రబొచ్చు ఎప్పుడు మొలిచిందయ్యా అని అడుగుదామనుకున్నా. కోపంలో ఉన్నాడు, ఎందుకులే అని ఊరుకున్నా."

"ఇది ఖున్వానాదా?"

"ఇంకెవరిది? మందకంతా అదే పెద్దది. అది తెంచుకుంది, మిగిలినవి దాని తోక పట్టుకుపోయాయి."

ఖున్వానా ఎర్రావు. బొనోలో గొంతు పట్టుకెళ్లిన ఆ దూడకు తల్లి. ఆమె ముళ్లలోంచి ఒక కుచ్చు లాగి అరచేతిలో పెట్టుకుంది. 

"సింహం వాసనకు బెదిరిందేమో."

"బెదిరితే ఏటి వైపు పరిగెత్తాలి. సింహం నోట్లోకి పరిగెత్తుతుందా?" ఆయన తాడు ఒళ్లోంచి తీసి పక్కన పెట్టాడు. దాన్ని చక్కగా చుట్ట చుట్టి, చుట్ట మీద చెయ్యి వేశాడు. "ఒక మాట చెప్తా. నవ్వవు కదా?"

"నవ్వను."

"దూడ పిలిచింది."

"ఏ దూడ?"

ఆయన గడ్డంతో గుడిసె పక్కకు చూపించాడు. నేలమీద మేకులు కొట్టి, లాగి, ఆరబెట్టిన చిన్న తోలు ఒకటి ఉంది. ఎర్రటిది. నుదుటి దగ్గర తెల్లటి చుక్క. ఆ చుక్కను బొనోలో గుర్తుపట్టింది. ఫోను దాని మూతి దగ్గర పెట్టినప్పుడు అది ఆమె వేళ్లు చప్పరించింది.

"అది చచ్చిపోయిందా?"

"నువ్వొచ్చి దాన్ని ముద్దుచేసి పోయావే, తర్వాత కొన్నాళ్లకే. ఏ పురుగు కుట్టిందో, జ్వరమే వచ్చిందో. కళ్లు పచ్చబడ్డాయి. పొద్దున చూస్తే చల్లగా ఉంది. తోలు నేనే వలిచాను. ఖున్వానా పొదుగు గట్టిపడి, అక్కడా ఇక్కడా వాసన చూసుకుంటూ పిచ్చిదానిలా తిరిగింది. తర్వాత మరిచిపోయింది. మరిచిపోయిందనే అనుకున్నా."

 కెబోన్యే ఆమె వైపు చూడకుండా చెప్పుకుపోయాడు.

"ఆ సాయంత్రం మందను లోపలికి తోలాను. వాకిలి కంప అడ్డం పెట్టాను. పొయ్యి రాజేస్తుంటే వినబడింది, ఉప్పుపర్ర వైపునుంచి. గాలి అనుకున్నా. మళ్లీ వచ్చింది. దాని గొంతు నాకు తెలీదా బొనోలో? పుట్టుకతోనే బొంగురు. బాగానే మొదలెట్టి మధ్యలో విరిగిపోయి, చివర్న కీచుమనేది. అదే గొంతు. తల్లిని పిలుస్తోంది. నేను ఈ చేతుల్తో తోలు వలిచిన దూడ."

"పెద్దయ్యా..."

"ఉండు, చెప్పనీ. ఎవరికీ చెప్పలేదు. ఖున్వానా చెవులు నిలబెట్టింది. ఒక్క కేక పెట్టింది. అంతే, కంప మీద రొమ్ము పెట్టి తోసేసింది. ముళ్లు దిగుతున్నా ఆగలా. నేను అడ్డం పడితే ఆగేదే. నా మాట అదెప్పుడూ కాదన్లేదు."

"పడలేదా?"

"భయమేసింది తల్లీ. ఎవరో నా మీదికి ఏదో పంపారనుకున్నా. గుడిసెలోకి పోయి తలుపేసుకుని, దుప్పటి కప్పుకుని, చెవులు మూసుకున్నా. సింహాలతో కర్ర పట్టుకుని కొట్లాడినోణ్ణి. ఒక దూడ గొంతుకు దుప్పటి కింద దాక్కున్నా. మందను వదిలేసింది మాత్రం నేనే. మీ మామ చెప్పినట్టు కాకపోయినా, వదిలేసింది నేనే."

సింహాలను పిలిచానని ఇన్నాళ్లూ ఏడ్చింది బొనోలో. సింహాలు వేటకు పుట్టినవి, పిలిచినా పిలవకపోయినా ఎక్కడో ఒకచోట చంపుతాయి. ఆమె పిలిచింది ఒక తల్లిని. బిడ్డ పోయి, ఏడ్చి, ఎలాగో మరిచిపోయిన తల్లిని బిడ్డ గొంతుతోనే పిలిచి సింహం ముందుకు నడిపించింది. వెళ్లి ఆ తోలు పక్కనే కూర్చుండిపోయింది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. "ఖోట్లాలో ఇదే చెప్తారా?" అని మాత్రం అడిగింది.

కెబోన్యే నవ్వాడు. "చచ్చిన దూడ పిలిచిందనా? పొద్దుగూకేలోగా కెబోన్యే మంత్రగాడైపోతాడు. తాగానని చెప్తా."

"మీరు తాగరు కదా."

"తాగుబోతును ఊరు తిట్టి పంపేస్తుంది. అప్పుడప్పుడు వచ్చిపోతే చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. మంత్రగాణ్ణి రానివ్వదు. నాకు అప్పుడప్పుడు వచ్చి పోవాల్సిన పనుంది కదా" అన్నాడు దొడ్డి వెనక్కి చూస్తూ.

తర్వాత చొక్కా మీద, గుండె దగ్గర పెట్టుకున్న చర్చి సంఘం బిళ్లను మెల్లగా విప్పాడు. ఆయన సంఘంలో సారాయి, పొగాకు ముట్టరు. ముట్టినవాళ్లకు ఆ బిళ్ల ఉండదు. పెళ్లయిన ఏడాది నుంచీ అది ఆయన గుండె మీదే ఉంది.

"ఇది నువ్వుంచు. ఇది పెట్టుకుని అబద్ధమాడలేను. తర్వాత సంఘం వాళ్లు అడిగితే ఇచ్చేద్దువుగాని."

బొనోలో ఎడమచెయ్యి కుడి మోచేతికి ఆనించి, పెద్దల చేతినుంచి తీసుకోవాల్సిన పద్ధతిలో ఆ బిళ్ల తీసుకుంది. మర్యాదలో లోటేమీ చేయలేదు. చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం చెప్పకుండానే వచ్చేసింది. దారి పొడుగునా చెట్టుకూ పుట్టకూ అంతా పూసగుచ్చినట్టు చెప్పుకుంది. చెట్లు అడ్డు ప్రశ్నలు వేయవు.

బిర్గిత్ ఏటి ఒడ్డున గుడారం విప్పుతోంది. రేపు లువాంగ్వాకు ప్రయాణం. ఈసారి బొనోలో కూడా వెంట వెళ్లాలి. దేశం ఎల్లలు దాటడం ఆమెకు ఇదే మొదటిసారి. కొత్త పాస్‌పోర్టు తలగడ కింద పెట్టుకుని పడుకుంటోందని తల్లి ఊరంతా చాటింది. గొంతుకు అడ్డం పడింది ఆ పాస్‌పోర్టేనని ఒప్పుకోవడానికి బొనోలోకు ఇంతసేపు పట్టింది.

ఉన్నదున్నట్టు బిర్గిత్‌కు చెప్పింది. దూడ చచ్చిన సంగతి, తల్లి కంచె తెంచుకున్న సంగతి, కెబోన్యే తాగానని చెప్పబోతున్న సంగతి. బిర్గిత్ చేతిలో గుడారం కర్ర అలాగే ఉండిపోయింది.

"తల్లి ఆవా?" అంది.

"అవును."

"ఆ సాయంత్రం గాలి తిరిగినప్పుడు నేను నిన్ను అడిగాను బొనోలో. అటువైపు మంద ఉందా అని. మందను ఏటి దగ్గరికి తోలేశారు, మకాం ఖాళీ అన్నావు."

"అన్నాను."

"ఖాళీ కాదని నీకు తెలుసా?"

"తెలుసు. చోటు మార్చాలంటే ఇంకో రోజు పోతుంది. పట్టీ పడకపోతే ప్రయాణం వాయిదా పడుతుందని, లేదా మీరొక్కరే వెళ్లిపోతారని... ఖాళీ అన్నాను."

బిర్గిత్ తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది కూడా. బిర్గిత్ తిట్టలేదు. కర్ర కింద పెట్టి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. మనిషి ఒక్కసారిగా ముసలిదానిలా కనిపించింది.

"చీకట్లో చూసే అద్దాల్లో నాకు ఆవులు కనిపించాయి" అంది.

"ఏమిటి?"

"దూరంగా మచ్చల్లా, వరసగా నడిచొస్తున్నాయి. ఆవులేనని తెలుసు. అప్పుడే ఒంటిచెవి లేచి నిలబడింది. నాలుగడుగులు ముందుకు వేస్తే సూది అందుతుంది. ఇంకొక్కసారి మోగిద్దాం అనుకున్నాను. మోగించాను. అది అటు తిరిగి వెళ్లిపోయింది. ఎటు వెళ్లిందో నాకు తెలుసు. సామాను సర్దమన్నాను నిన్ను."

"మీరు నాకు చెప్పలేదు."

"నువ్వు నాకు చెప్పావా?"

 ఏటి బురదలో కొంగ ఒకటి తన పని తను చేసుకుపోతోంది.

"ఇవాళ నేనూ మాట్లాడాలి, నువ్వు మీ భాషలోకి తిప్పి చెప్పాలి" అంది బిర్గిత్. "స్పీకర్ సంగతి బయటపడితే నా అనుమతి రద్దవుతుంది. అది పోతే పోయింది. కానీ ఊరి కోపం కాపరి మీదినుంచి సింహాల మీదికి మళ్లుతుంది, తుపాకులు బయటికొస్తాయి. ఒంటిచెవి వారం బతకదు, దాని పిల్లలూ బతకవు."

"మరి కెబోన్యే?"

"ఆయనకు ఏదో ఒకటి చేద్దాం."

"ఏం చేద్దాం?"

బిర్గిత్ టోపీ అంచు సవరిస్తూ కూర్చుంది. "నేను అబద్ధం ఒక్కటి కూడా చెప్పను" అంది చివరికి. "చెప్పింది చెప్పినట్టు తిప్పి చెప్పు. అంతే నేనడిగేది."

ఖోట్లా నిండిపోయింది. కర్రలు పాతిన అర్ధచంద్రపు గోడ వెంట మగవాళ్లు ఎవరి పొట్టి కుర్చీ వాళ్లు తెచ్చుకుని కూర్చున్నారు. ఆడవాళ్లు చాపల మీద కాళ్లు చాపుకున్నారు. లంగా, శాలువా, తలగుడ్డ లేని ఆడది ఖోట్లాలో అడుగు పెట్టకూడదు. అందుకని బిర్గిత్ ప్యాంటు మీదే బొనోలో తల్లి లంగా కట్టుకుని వచ్చింది.

"సింహాల తల్లికి లంగా కట్టారు, ఇంక సింహాలకు కూడా కట్టించండి, బుద్ధిగా ఉంటాయి" అంది వెనకనుంచి ఒకావిడ. చాపలన్నీ నవ్వాయి. ఊరిపెద్ద దగ్గాడు. నవ్వులు ఆగాయి.

ముందు మొలెఫే లేచాడు. ఆయన అబద్ధాలకోరు కాదు, కోపిష్టి. ఎర్రావు తన పెళ్లాం పుట్టింటినుంచి వచ్చిన ఆవుకు మనవరాలని దాన్ని ప్రేమగా చూసుకునేవాడు. "నేను కెబోన్యేను అన్నలా చూశాను" అన్నాడు. "ఆకలేస్తే అడగమన్నాను, ఒంట్లో బాగోకపోతే చెప్పమన్నాను. ఆవుల్ని బయట వదిలేశానని చెప్పినా ఊరుకునేవాణ్ణేమో. కంచె పీకి నన్ను వెర్రివాణ్ణి చేశాడు చూడండి, అది నాకు మింగుడు పడట్లేదు."

తర్వాత బిర్గిత్. బొనోలో మైకు అందుకుని ఆమె పక్కన నిలబడింది. ఖోట్లాలో పరాయి భాష పలికిన ప్రతిసారీ ఆ మైకు ఆమె చేతిలోనే ఉంటుంది.

"ఆ సాయంత్రం మేం ఉప్పుపర్ర దగ్గర ఉన్నాం" అని తిప్పి చెప్పింది. "సింహాలను చూశాం. చీకటి పడగానే వచ్చేశాం. జరిగినదానికి నాకు చాలా బాధగా ఉంది."

అన్నీ నిజాలే. ఆ నిజాలన్నీ కలిసి ఒక ముసలివాడి మెడకు చుట్టుకుంటున్నాయని తెలిసే, ఒక్క మాట తేడా లేకుండా, గొంతు వణక్కుండా చెప్పింది. మేనమామ మెచ్చుకోలుగా తలూపాడు. ఆ మెచ్చుకోలు ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

"కెబోన్యే" అని పిలిచాడు ఊరిపెద్ద.

ఆయన టోపీ తీసి లేచాడు. ఎండకు వెలిసిపోయిన చొక్కా మీద, గుండె దగ్గర, బిళ్ల ఉన్నంత మేర మాత్రం గుడ్డ కొత్తగా, ముదురు రంగుతో ఉంది. సంఘం ఆడవాళ్లు అది చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బొనోలో ఎడమ గుప్పిట్లో బిళ్ల అంచు అరచేతిలోకి దిగుతోంది.

"అయ్యా, మొలెఫే చెప్పింది నిజం. నేను తాగాను."

చాపల మీద గుసగుసలు లేచాయి. ఊరిపెద్ద చెయ్యెత్తాడు. ఖోట్లాలో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నోరెత్తకూడదు. మేనకోడలైనా, మేనమామైనా, చివరికి ఊరిపెద్ద కొడుకైనా, చెప్పేవాడు కూర్చున్నాకే ఇంకొకరు లేవాలి. కూర్చునేసరికి కెబోన్యే తన ఇంటిని, పరువును, భార్య సమాధిని తన నోటితోనే పోగొట్టుకుని ఉంటాడు.

"ఏం తాగావు?" అన్నాడు పెద్ద.

"జొన్నకల్లు అయ్యా."

"ఎవరింట్లో?"

కెబోన్యే తడబడ్డాడు. పాపం, ఊళ్లో కల్లు ఎవరు కాస్తారో ఆయనకు తెలియదు. "ఆ... ఏటి పక్క ఇంట్లో" అన్నాడు.

"ఏటి పక్క మా ఇల్లే ఉంది" అంది ఒకావిడ. ఖోట్లా అంతా గొల్లుమంది. "ఎన్ని ముంతలు తాగావు పెద్దయ్యా, ఇల్లు కూడా మరిచిపోయావు?" అన్నాడు ఎవరో కుర్రాడు. కెబోన్యే కూడా వాళ్లతోపాటు నవ్వబోయాడు. నవ్వు రాక, టోపీని రెండు చేతుల మధ్య నలుపుతూ, "గుర్తు లేదయ్యా, బాగా తాగాను" అన్నాడు.

బొనోలోకు ఆ మాటతో అంతా తెగిపోయింది. లువాంగ్వా తెగింది, పాస్‌పోర్టు తెగింది, మేనమామ మొహం ఎలా చూడాలన్న భయం తెగింది. బిర్గిత్ ఆమె చేతిని చూసింది. ఫోను శాలువాలోంచి బయటికి రావడం చూసింది. పట్టుకుని ఆపేంత దగ్గరలోనే ఉంది. ఆపలేదు, కళ్లు మూసుకుంది.

నోరెత్తకూడదనే కదా కట్టు. బొనోలో నోరెత్తలేదు. ఫోన్లో ఆ గొంతు తీసి మైకుకు ఆనించింది.

ఖోట్లా నలుమూలలా ఉన్న స్పీకర్లలోంచి ఒక దూడ అరిచింది. బాగానే మొదలైన అరుపు, మధ్యలో బొంగురుపోయి విరిగి, చివర్న కీచుమని సాగింది. మళ్లీ అరిచింది. నవ్వులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మొలెఫే కుర్చీలోంచి సగం లేచి, లేవడం మరిచిపోయినట్టు అలాగే నిలబడ్డాడు. నుదుట తెల్లచుక్క ఉన్న ఆ దూడను ముందు ముందు మందకు పెద్ద చేయాలని ఆయన ఆశపడ్డాడు. ఆ గొంతు ఆయనకూ తెలుసు.

కెబోన్యే చేతులు చెవుల మీదికి వెళ్లాయి. టోపీ జారి కింద పడింది. మూడోసారి అరుపు వచ్చేసరికి ఆ చేతులు మెల్లగా దిగాయి. ఆయన స్పీకర్ల వైపు చూశాడు, వైర్ల వెంట చూపు నడిపించాడు, మైకు దగ్గర ఆగాడు, అక్కడినుంచి దాన్ని పట్టుకున్న చేతికి, ఆ చేతినుంచి ఆమె మొహానికి వచ్చాడు. మంత్రం కాదని, పిచ్చి కాదని ఆయనకు అర్థమవుతున్న కొద్దీ ఆ కళ్లలో భయం తగ్గి, దాని చోట బొనోలో జన్మలో చూడకూడదనుకున్నది వచ్చి చేరింది.

"బొనోలో" అన్నాడు, ఖోట్లాలో ఇంకెవరూ లేనట్టు, చాలా మెల్లగా. "పొద్దున నా పక్కన కూర్చుని ఇదంతా విన్నావు. అప్పుడు కూడా ఇది నీ శాలువాలోనే ఉందా?"